ఊరివారితో కలిసి ప్రణాళిక: వాతావరణ మార్పుపై గ్రామ కార్యశాల నడిపే పద్ధతి

కొన్నేళ్ల కిందట ఒడిశా తీరంలోని ఒక మత్స్యకార గ్రామంలో తుపానుల గురించి సమావేశం జరిగింది. మాట్లాడడానికి వచ్చిన ఉద్యోగి ఒడియాలో మాట్లాడారు. వినేవారు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడేవారు. వారిలో ఆడవాళ్లకు, వృద్ధులకు ఒడియా అంతంతమాత్రమే. అందుకని నన్ను అనువాదానికి కూర్చోబెట్టారు. తుపాను వేళ సముద్రం పొంగి ఊరిమీదికి రావడం గురించి ఆయన వివరిస్తూంటే, నేను 'పెద్ద కెరటాలు వస్తాయి' అని చెప్పుకుంటూ పోయాను. అందరూ తలలూపారు. పావుగంట తర్వాత వెనక వరసలో కూర్చున్న ఒక ముసలామె లేచింది. "కెరటాలంటే రోజూ సూత్తన్నాం గదా బాబూ! నువ్వు సెప్పేది ఉప్పెనా?" అని అడిగింది.

అవునన్నాను. అంతవరకూ మర్యాదకు కూర్చున్నవాళ్లు ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. నీళ్లు ఎంతదాకా వస్తాయి? ఏ వీధి ముందు మునుగుతుంది? పడవలు ఎక్కడ కట్టాలి? ఎన్ని గంటల ముందు కబురు అందుతుంది? ఆ రోజు అసలు సమావేశం అక్కడే మొదలయింది.

తప్పు నాది. కెరటం లేస్తుంది, విరుగుతుంది, వెనక్కి పోతుంది. ఉప్పెన అలా కాదు. తుపాను గాలి తోపుడుకు, కొంత మేరకు వాయుపీడనం తగ్గడానికి, సముద్రమట్టమే పైకి లేచి గంటల తరబడి నేలమీదికి వస్తుంది. కెరటాలు ఆ లేచిన మట్టంమీద అదనం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెనే. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది చనిపోయారు. ఆ తేడాను ఒక్క మాటలో చెప్పగల పదం తెలుగులో ఉంది. భాషాశాస్త్రం చదువుకున్న నాకు అది సమయానికి తోచలేదు, బడికి వెళ్లని ఆమెకు తోచింది.

తెలుగు రాష్ట్రాలకు వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థులలో చాలామందికి ఇలాంటి పని ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. జాతీయ సేవా పథకం శిబిరంలోనో, పరిశోధన క్షేత్రంలోనో, సొంత ఊళ్లోనో రెండు భాషలు తెలిసిన మనిషి మీరే అవుతారు. అందుకే వాతావరణ మార్పును ఎదుర్కొనే ప్రణాళికను ఊరివారితో కలిసి తయారుచేసే కార్యశాల ఎలా నడపాలో ఇక్కడ క్రమంగా వివరిస్తాను.

పని పేరు, పని స్వభావం

వాతావరణ మార్పు విషయంలో రెండు రకాల పనులున్నాయి. భూమిని వేడెక్కిస్తున్న వాయువుల విడుదలను తగ్గించడం మొదటిది. అందులో ప్రభుత్వాలకూ పరిశ్రమలకూ పెద్ద పాత్ర. ఇప్పటికే వచ్చిన, రానున్న మార్పును తట్టుకునేలా మన ఇళ్లనూ పంటలనూ నీటినీ జీవనాన్నీ మలచుకోవడం రెండవది. దీన్నే ఇంగ్లీషులో అడాప్టేషన్ అంటారు. ఈ రెండవ పని ఊరి స్థాయిలోనే జరగాలి. ఏ వీధి పల్లమో, ఏ బావి ముందు ఎండుతుందో ఊరివారికే తెలుసు.

పాఠ్యపుస్తకాలు దీనికి 'అనుకూలనం' అనే మాట వాడుతున్నాయి. శాస్త్ర గ్రంథంలో ఆ మాట చెల్లుతుంది, రచ్చబండ దగ్గర చెల్లదు. అక్కడ 'సర్దుకుపోవడం' అంటే 'మీ ఖర్మ, ఓర్చుకోండి' అన్నట్టు వినిపిస్తుంది. 'తట్టుకోవడం', 'ముందే జాగ్రత్తపడడం', 'మార్చుకోవడం' అనే క్రియలు వాడితే ఎవరు ఏం చేయాలో మాటలోనే తెలుస్తుంది. నామవాచకాల కంటే క్రియలు మేలన్నది ఇలాంటి సభల్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం.

అలాగే 'ముప్పు', 'అపాయం' వేరు చేసి చెప్పాలి. తుపాను ముప్పు. అది ఊరందరికీ ఒకటే. పక్కా ఇల్లున్న కుటుంబానికీ, పాక కుటుంబానికీ అపాయం మాత్రం ఒకటి కాదు. ముప్పును ఊరు ఆపలేదు, అపాయాన్ని తగ్గించగలదు. కార్యశాల మొత్తం ఈ ఒక్క ఆలోచన మీద నడుస్తుంది.

మరొక జాగ్రత్త అవసరం. కనిపించే ప్రతి కష్టాన్నీ వాతావరణ మార్పు ఖాతాలో వేయకూడదు. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిన మాట నిజమే. అయితే తీరం కోతకు నదులమీది ఆనకట్టలు ఒండ్రును ఆపేయడం, రేవుల కోసం కట్టిన గోడలు ఇసుక నడకను అడ్డుకోవడం కూడా కారణాలే. గంజాం జిల్లాలో రుషికుల్య ముఖద్వారం దగ్గరి పొదంపేట వంటి ఊళ్లనుంచి కుటుంబాలు లోపలికి తరలవలసి వచ్చింది. బావులు ఎండడానికి వాన తగ్గడం ఎంత కారణమో, బోర్లు పెరగడం కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ కారణం. కారణం తప్పుగా గుర్తిస్తే మందు తప్పుతుంది.

సభకు ముందు చేయవలసినవి

కార్యశాల ఒక పూట జరిగినా, దానికి ముందు కనీసం రెండు మూడుసార్లు ఊరికి వెళ్లాలి. మొదటిసారి ఏ కాగితమూ లేకుండా ఊరంతా నడవాలి. ఒక చివరనుంచి మరో చివరకు, పల్లంనుంచి మిట్టకు, ఇద్దరు ముగ్గురు ఊరివాళ్లను వెంటబెట్టుకుని నడిస్తే నేల వాలు, మురుగు పోయే దారి, నీళ్లు నిలిచే చోటు కంటికి కనిపిస్తాయి. 1980ల చివరనుంచి రాబర్ట్ ఛాంబర్స్ వంటివారు ప్రచారంలోకి తెచ్చిన 'భాగస్వామ్య గ్రామీణ విశ్లేషణ'లో ఇది ముఖ్యమైన పద్ధతి. బయటివాడు పాఠం చెప్పకూడదని, ఊరివాళ్లు తమ లెక్క తామే వేసుకుంటూంటే పక్కన ఉండి సాయపడాలని ఆ పద్ధతి సారాంశం.

రెండవది వేళ. సభ ఎప్పుడు పెడతామన్నదే ఎవరు వస్తారన్నది నిర్ణయిస్తుంది. ఉదయం పదింటికి పెడితే చేపలమ్మే ఆడవాళ్లు బజారులో ఉంటారు, కూలివాళ్లు పొలంలో ఉంటారు, ఊరి పెద్దలు మాత్రం తీరికగా వస్తారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఒడిశాలోనూ యానాంలోనూ తమిళనాడు తూర్పు తీరంలోనూ ఆ రోజుల్లో మగవాళ్లు ఊళ్లో దొరుకుతారు. మెట్ట ప్రాంతాల్లో ఖరీఫ్ పంట చేతికొచ్చాక, రబీ విత్తనాలకు ముందున్న వారాలు మంచివి.

మూడవది ఊళ్లో లేనివారి లెక్క. గంజాం జిల్లానుంచి వేలమంది యువకులు సూరత్ వంటి నగరాలకు పనికి పోతారు. తుపాను వచ్చే నాటికి ఇంట్లో ఉండేది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. పడవ ఒడ్డుకు లాగడం, తాతను భుజాన వేసుకుని ఆశ్రయానికి చేర్చడం వంటి పనులు లేని కొడుకుల పేర రాస్తే ఆ ప్రణాళిక కాగితంమీదే ఉంటుంది.

భాష: ఏ తెలుగు, ఏ లిపి?

'తెలుగులో చెప్పండి' అంటే సరిపోదు. ఏ తెలుగు అన్న ప్రశ్న వస్తుంది. ఉత్తరాంధ్రలోనూ దాన్ని ఆనుకున్న ఒడిశా జిల్లాల్లోనూ చోళ్లంటారు, రాయలసీమలో రాగులంటారు, తెలంగాణలో తైదలంటారు. పంట ఒకటే. వేరుశనగను కొన్నిచోట్ల చెనిక్కాయలని, కొన్నిచోట్ల బుడ్డలని, కొన్నిచోట్ల పల్లీలని పిలుస్తారు. చెరువు నీళ్లు వంతులవారీగా వదిలే మనిషిని కోలారు వైపు నీరుగంటి అంటారు, తమిళనాడులో నీర్కట్టి అంటారు. ఊరిమాట తెలుసుకుని అదే రాయాలి. 'మాది సరైన తెలుగు కాదండీ' అని మొహమాటపడేవాళ్లు వెలుపలి ప్రాంతాల్లో ఎక్కువ. వారి ముందు పత్రికల తెలుగు మాట్లాడితే ఆ మొహమాటం మౌనంగా మారుతుంది. ఊరి యాసను చూసి నవ్విన విద్యార్థికి ఆ ఊళ్లో ఇంకెవరూ నిజం చెప్పరు.

వాతావరణ శాఖ వాడే మాటల విషయం వేరు. అవి మార్చకూడదు, వివరించాలి. అల్పపీడనం బలపడితే వాయుగుండం అవుతుంది. గాలి గంటకు 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండం, 50 చేరితే తీవ్ర వాయుగుండం, 62 చేరితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. ఇది వేగానికి పెట్టిన పేర్ల వరస అని ఒకసారి చెబితే, ఆకాశవాణిలోనో టీవీలోనో పేరు మారినప్పుడల్లా ఊరివారే అర్థం చేసుకుంటారు. తమిళంలోనో ఒడియాలోనో వార్త వింటున్న ఊళ్లలో ఆ భాషల మాటలను కూడా పక్కపక్కనే చెప్పాలి. హెచ్చరిక తెలుగులో రాకపోవచ్చు. వచ్చిన భాషలో అర్థం కావడం ముఖ్యం.

లిపి సంగతి ఇంకా సున్నితమైనది. మూడు నాలుగు తరాలుగా స్థిరపడిన కుటుంబాల్లో తెలుగు మాట్లాడుతారు గాని తెలుగు చదవలేరు. బడి చదువు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో జరిగింది. గోడమీద తెలుగు లిపిలో పటం రాసి 'మన భాష' అని సంతోషించడం వల్ల వారికి ప్రయోజనం లేదు. అలాంటిచోట తెలుగు మాటనే రాష్ట్ర లిపిలో రాయాలి. పక్కన బొమ్మ వేయాలి. ఇది భాషాభిమానానికి లోటు కాదు.

అనువాదకుడిగా కూర్చుంటే సారాంశం చెప్పవద్దు. రెండు మూడు వాక్యాలకోసారి ఆపించి పూర్తిగా చెప్పండి. రెండు వైపులా చెప్పండి. అధికారి మాటను ఊరికి చేర్చడం ఎంత ముఖ్యమో, వెనక వరసలోని ముసలామె ప్రశ్నను అధికారికి చేర్చడం అంత ముఖ్యం. సాధారణంగా రెండవది జారిపోతుంది.

నాలుగు పనిముట్లు

మొదటిది కాలరేఖ. నేలమీద ముగ్గుతో ఒక గీత గీసి, ఊరికి గుర్తున్న విపత్తులను వరసగా పెట్టించాలి. సంవత్సరాలు అడిగితే చాలామంది చెప్పలేరు. 'మీ పెద్దమ్మాయి పెళ్లికి ముందా, తర్వాతా?' అని అడిగితే ఠక్కున చెబుతారు. తర్వాత మనం తారీఖులు కలపవచ్చు. 1999 అక్టోబరు 29 మహా తుపాను, 2013 అక్టోబరు 12 ఫైలిన్, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తిత్లీ, 2019 మే 3 ఫణి. ప్రతిదాని కిందా మూడే ప్రశ్నలు. ఏం పోయింది? ఏం మిగిలింది? మిగలడానికి ఏది కారణం? మూడవ ప్రశ్నలోనే ప్రణాళికకు విత్తనాలుంటాయి. 1999లో ఒడిశాలో సుమారు 10 వేల మంది చనిపోతే, 2013లో ఫైలిన్‌కు లక్షలమందిని ముందే తరలించడంతో మృతుల సంఖ్య పదులలోనే ఆగింది. మధ్యలో ఊరు ఏం మార్చుకుందో ఊరిచేతే చెప్పించాలి.

రెండవది కార్తెల పట్టిక. మన రైతులకు నెలల కంటే కార్తెలు దగ్గర. 27 కార్తెలు, ఒక్కొక్కటి ఇంచుమించు 13, 14 రోజులు. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో వస్తాయి. ఒక్కో కార్తెకు ఒక గడి గీసి పూర్వం ఏం విత్తేవారు, ఇప్పుడు ఏం విత్తుతున్నారు, వాన అప్పుడెలా, ఇప్పుడెలా, చేతిలో డబ్బు ఎప్పుడుంటుంది, జబ్బులు ఎప్పుడొస్తాయి అని గింజలతో నింపించాలి. తీరంలో కూడా ఇది పనికివస్తుంది. పైన చెప్పిన ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ చిత్త కార్తె ప్రవేశించే రోజుల్లోనే వచ్చాయి. దసరా పండగకు కొంత డబ్బు దాచుకునేవారు, ఇంటి కప్పు తాళ్లు బిగించే పని కూడా అప్పటికే పూర్తిచేసుకోవాలన్న మాట పట్టిక చూస్తేనే పుడుతుంది. అయితే పట్టికను గుడ్డిగా నమ్మకూడదు. ఫణి భరణి కార్తెలో, వేసవి నడుమ వచ్చి పూరీని తాకింది. అక్కడి తెలుగు మత్స్యకారుల వాడ పెంటకట దెబ్బతిన్నది. అలవాటైన కాలం తప్పి వచ్చేవాటికి కూడా ఒక గడి ఖాళీగా ఉంచాలి.

మూడవది పటం. బడి పిల్లలు, ఆడవాళ్లు, పెద్దలు వేరువేరుగా ఊరి పటం గీస్తే మూడు వేరు పటాలు వస్తాయి. మగవాళ్ల పటంలో రేవు, గుడి, రోడ్డు పెద్దవిగా ఉంటాయి. ఆడవాళ్ల పటంలో మంచినీళ్ల కుళాయి, మరుగు, ఒంటరి ముసలివాళ్ల ఇళ్లు ఉంటాయి. మూడూ పక్కన పెట్టి ఒకటి చేయాలి. గంజాం జిల్లాలోని వెంకట్రాయిపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహి గ్రామాలు 2020లో యునెస్కో సముద్రశాస్త్ర సంఘం నుంచి 'సునామీకి సంసిద్ధ గ్రామం' అన్న గుర్తింపు పొందాయి. హిందూ మహాసముద్ర ప్రాంతంలో ఆ గుర్తింపు అందుకున్న తొలి ఊళ్లు అవే. మునిగే ప్రాంతం పటం, తప్పించుకునే దారి సూచించే బోర్డులు, ఊరంతా పాల్గొనే అభ్యాసం వంటివి ఆ గుర్తింపుకు కావలసినవి. 'నోలియా' అన్నది ఒడిశాలో తెలుగు మత్స్యకారులను పిలిచే పేరు. నోలియాసాహి అంటే నోలియాల వాడ.

నాల్గవది అంకెను గుర్తుగా మార్చడం. యానాం ఉదాహరణ తీసుకుందాం. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. ప్రవాహం చూస్తే వరసగా సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు. ఈ అంకెలు రేడియోలో వినిపిస్తూనే ఉంటాయి. కాని గౌతమీ ఒడ్డున ఉన్న ఇల్లాలికి కావలసిన సమాచారం వేరు. రెండో హెచ్చరిక వచ్చాక ఎన్ని గంటలకు నీళ్లు మా మెట్టెక్కుతాయి? దీనికి జవాబు ఊరి జ్ఞాపకంలో ఉంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలకు పైగా ప్రవహించాయి. ఆ రెండు వరదల్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడలమీద రెండు రంగుల్లో గీతలు గీయిస్తే, బ్యారేజి అంకెకూ ఇంటి గడపకూ సంబంధం కుదురుతుంది. గోడమీద గీత చదవడానికి చదువు అక్కర్లేదు.

కరువు ఊళ్లలో: నీటి బడ్జెట్

తీరం దాటి పావగడ, కోలారు, బళ్లారి వైపు తెలుగు ఊళ్లకు పోతే ముప్పు స్వరూపం మారుతుంది. అక్కడ ఒక్క రాత్రిలో వచ్చేది ఏదీ లేదు. ఏళ్ల తరబడి బోరు కింద బోరు ఎండుతూ వస్తుంది. ఇలాంటిచోట అనుసరించదగిన పద్ధతి పక్కనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లోని 600కు పైగా గ్రామాల్లో రైతులే భూగర్భ జలాల లెక్క వేసుకున్నారు.

వారు వానను తామే కొలిచారు. ఎంపిక చేసిన బావుల్లో నీటిమట్టం పదిహేను రోజులకోసారి తామే చూశారు. ఖరీఫ్ ముగిశాక, రబీకి ముందు, ఒకే నీటి పరీవాహకంలోని ఊళ్లవాళ్లు ఒకచోట చేరారు. వానవల్ల భూమిలోకి దిగిన నీరు ఎంత, ఎవరెవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయదలచుకున్నారు, ఆ పంటలకు కావలసిన నీరు ఎంత అన్నవి కూడి, మిగులో తరుగో అందరికీ కనిపించేలా బోర్డుమీద రాశారు. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ శాసించలేదు. జరిమానా లేదు. ఇంటికి వెళ్లి ఎవరి నిర్ణయం వారు తీసుకున్నారు. లెక్క కళ్లముందున్నందువల్ల చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మారారు.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది సుమారు 4,047 లీటర్లు. వరి మడికి 1,200 మిల్లీమీటర్లు కావాలనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లకు పైమాటే. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు అనుకుంటే 20 లక్షల లీటర్లు. ఈ లెక్కను మన విద్యార్థి నల్లబల్లమీద చేసి చూపిస్తే ఉపన్యాసం అవుతుంది. రైతు తన మడి విస్తీర్ణం తానే చెప్పి, కూడిక పక్కరైతు చేస్తే కార్యశాల అవుతుంది. మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ జిల్లా (ఇప్పటి అహిల్యానగర్) హివరే బజార్ గ్రామం ఇంకొక అడుగు ముందుకు వేసింది. పోపట్‌రావ్ పవార్ సర్పంచిగా ఉన్నకాలంలో ఊరు ఏటా నీటి లెక్క చూసుకుని పంటలు నిర్ణయించుకోవడమే కాక, చెరుకు వంటి నీరు తాగే పంటలనూ సేద్యానికి లోతు బోర్లనూ వద్దనుకుంది. ఏ దారి తమకు తగినదో ఊరే ఎంచుకోవాలి.

ఎంపిక, ఎవరి గొంతు

కష్టాలు, మార్గాలు పోగయ్యాక ఎంపిక వస్తుంది. ఇక్కడే సభ దారితప్పుతుంది. చేతులెత్తమంటే అందరూ ముందు సర్పంచి వంక చూస్తారు. దానికి బదులు ఒక్కొక్కరికి పది చింతగింజలు ఇచ్చి, మార్గాల బొమ్మల ముందు పెట్టిన కుండల్లో వేయమనడం తేలిక పద్ధతి. ఆడవాళ్లకు చింతగింజలు, మగవాళ్లకు కానుగ గింజలు ఇస్తే లెక్కలో తేడా బయటపడుతుంది. ఆ తేడాను దాచకుండా సభముందే పెట్టాలి. రేవుకు గోడ కావాలని మగవాళ్లు, తుపాను ఆశ్రయంలో ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి కావాలని ఆడవాళ్లు వేసిన గింజలు రెండూ నిజమే. మరుగుదొడ్డి లేని ఆశ్రయానికి వయసొచ్చిన ఆడపిల్లతో వెళ్లడానికి తల్లి వెనకాడుతుంది. ఆ వెనకాడిన గంటలోనే ప్రాణాలు పోతాయి.

పొలం లేనివారు, వాడ చివరివారు, పొరుగునుంచి వచ్చి ఉంటున్నవారు సభకు వచ్చినా మాట్లాడరు. వారి వాడలో, వారి అరుగుమీద, విడిగా ఒక పూట కూర్చోవాలి. భాషాపరంగా కూడా ఇదే సూత్రం. మనం తెలుగువారి కోసం వచ్చామని ఊళ్లోని ఒడియా, కన్నడ, తమిళ కుటుంబాలను వదిలేయకూడదు. వరద ఇంటి భాష అడగదు.

చివరగా మార్గాలను మూడు వరసలుగా విడదీయాలి. మనమే రేపటినుంచి చేసుకోగలవి, పంచాయతీ చేయవలసినవి, ప్రభుత్వ శాఖలు చేయవలసినవి. మొదటి వరసలో కనీసం రెండైనా లేకపోతే ఊరు నిరాశపడుతుంది. మూడవ వరస ఖాళీగా ఉంటే ప్రభుత్వం బాధ్యతను ఊరిమీదికి నెట్టినట్టవుతుంది. ప్రతి పనికీ ఒక మనిషి పేరు, ఒక గడువు రాయాలి.

సభ తర్వాత

చాలా కార్యశాలలు భోజనంతో ముగుస్తాయి. కాగితాలు మనతో నగరానికి వస్తాయి, ఊళ్లో ఏమీ మిగలదు. అందుకని ఊరు వదిలేముందే మూడు పనులు చేయాలి. మొదట, రాసిన ప్రణాళికను పూర్తిగా పైకి చదివి వినిపించి, 'ఇది మీరన్నదేనా?' అని అడగాలి. రెండవది, రెండు భాషల్లో ప్రతులు తయారుచేసి ఒకటి పంచాయతీకి, ఒకటి ఊళ్లోని మహిళా సంఘానికి ఇవ్వాలి. పటాల అసలు ప్రతులు ఊళ్లోనే ఉండాలి, మనం ఫోటోలు తీసుకోవాలి. మూడవది, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ఆమోదించే గ్రామసభ తేదీ తెలుసుకుని, ఆ సభలో ఈ అంశాలు ఎవరు లేచి చెబుతారో నిర్ణయించాలి. చెరువు పూడిక, కాలువ మరమ్మతు, మొక్కల పెంపకం వంటివి గ్రామీణ ఉపాధి పనుల్లో పెట్టించవచ్చు. అక్కడ చేరని ప్రణాళికకు డబ్బు రాదు.

విద్యార్థులకు తెలియవలసిన మరో సంగతి ఉంది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఏ పౌరుడైనా తన కష్టం తీర్చమని కేంద్ర లేదా రాష్ట్ర అధికారికి పెట్టుకునే అర్జీని, ఆ రాష్ట్రంలో గాని దేశంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా రాయవచ్చు. గంజాం కలెక్టరుకు తెలుగులో అర్జీ పెట్టడం తప్పు కాదు. త్వరగా పని జరగాలంటే రాష్ట్రభాష ప్రతి జతచేయడం వివేకం. ఆ రెండో ప్రతి రాసిపెట్టడమే మీ చదువుతో ఊరికి జరిగే మొదటి మేలు.

ఒక వానాకాలం గడిచాక తప్పక తిరిగి వెళ్లండి. రాసుకున్నవాటిలో ఏవి జరిగాయి, ఏవి జరగలేదు, ఎందుకు జరగలేదు అని అదే మనుషులతో కూర్చుని చూడండి. తిరిగి రాని బయటివాళ్లను మన ఊళ్లు చాలామందినే చూశాయి.

నేను అనువాదం చేసిన ఆ ఊరికి మరుసటి ఏడు వెళ్లాను. కబురు అందగానే ఎవరి తలుపు ఎవరు తట్టాలో పంచుకున్న పేర్ల జాబితా, బడి గోడమీద ఒడియా అక్షరాల్లో రాసి ఉంది. పైన పెద్దక్షరాల్లో ఒక్క మాట. ఒడియా లిపిలోనే, 'ఉప్పెన' అని.